పస్కా పాలు

2018 ఫిబ్రవరిలో, ఐర్లండ్‌లోని లిమరిక్ ఊరికి కాస్త ఎడంగా ఉన్న మా పాలపొడి కర్మాగారానికి ఒక కొత్త ఆర్డరు వచ్చింది. దాని బాధ్యత నాకు అప్పగించారు. నేనప్పుడు అక్కడ క్వాలిటీ మేనేజర్‌ని. హోదాలో ప్రొడక్షన్ మేనేజరూ నేనూ సమానమే. అయితే సరుకు గేటు దాటాలంటే నా సంతకం ఉండాలి, ఆయనది ఉండనక్కర్లేదు. ఈ తేడా వల్ల మా ఉద్యోగంలో ఉన్నవారికి గౌరవం ఎక్కువ, స్నేహితులు తక్కువ.

ఆర్డరు పసిపిల్లలకు పట్టే పాలపొడిది. ఇంగ్లండ్‌లోనూ బెల్జియంలోనూ ఉన్న కొన్ని యూదు సమాజాల కోసం, వారి పస్కా పండుగకు పనికొచ్చేలా చేయాలి. కోషర్ అంటే యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తినదగినది. మామూలు కోషర్ ధ్రువపత్రం మాకు అంతకుముందే ఉంది. పస్కాకు కావలసింది అంతకంటే కఠినం. ఆ పండుగ రోజుల్లో పులిసే ధాన్యం జాడ కూడా ఇంట్లో ఉండకూడదు. నిష్ఠ గల కుటుంబాలు పాల విషయంలో ఇంకో మెట్టు పైకి వెళ్తాయి. ఆవును పితికేటప్పుడు ఒక యూదుడు దగ్గరుండి చూసి ఉండాలి. అలా చూసినవాడు లేకపోతే, పాలు ఎంత మంచివైనా వారికి పనికిరావు.

ఐర్లండ్‌లో ఆవులు ఎక్కువగా వసంతంలో ఈనేలా పెంచుతారు. ఫిబ్రవరిలో పాలకు కరువు. చలికాలమంతా పాలిచ్చే మందలున్న రైతులు ఇద్దరే మాకు దొరికారు. ఇక మా డ్రయ్యరు, అంటే పాలను పొడిగా మార్చే నాలుగంతస్తుల ఎత్తున్న ఉక్కు పాత్ర, ఆ నెలలో మూడు రోజులే ఖాళీగా ఉంది. ఆ తర్వాత వేరే ఖాతాదారుల సరుకు వరసగా ఉంది. ఆ మూడు రోజుల్లో పొడి తయారైతే సరే. కాకపోతే ఆ ఏడు పస్కాకు ఆ ఇళ్ళకు మా పాలు లేనట్టే. వేరే కర్మాగారాన్ని వెతుక్కునే వ్యవధి వారికి లేదు.

పర్యవేక్షణకు వచ్చిన యూదు మతగురువు పేరు రబ్బీ మెండెల్. మాంచెస్టర్ మనిషి. యాభై దాటిన వయసు, నెరిసిన గడ్డం, అరిగిపోయిన బూట్లు. ఆయనతో వచ్చిన ఇద్దరు యువకులు ఇద్దరు రైతుల దగ్గర పాకల్లో కాపలా ఉండిపోయారు. ఆయన మాత్రం ప్లాంటులో నాతో ఉన్నారు. మొదటి పరిచయంలోనే నా మెడలో వేలాడే కార్డు చూసి, "శామ్యూల్! మా ప్రవక్త పేరు పెట్టుకున్నారే. అడిగే పెట్టుకున్నారా?" అన్నారు నవ్వుతూ. మా నాన్న పెట్టారని చెప్పాను. "అయితే ఆయన్నే అడగాలి" అన్నారు.

మా నాన్న బాపట్ల దగ్గర ఒక పల్లెలో సంఘకాపరి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఇశ్రాయేలు క్షేమం కోసం ప్రార్థించని వారం మా ఇంట్లో లేదు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి అబ్రాహాము, దావీదు, యిర్మీయా మా సొంత మేనమామల్లాగే ఉండేవారు. లిమరిక్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసానికి నేను పెద్దల్లో ఒకణ్ణి. బైబిలు తరగతి నేనే నడిపేవాణ్ణి. యూదులు యేసును మెస్సీయగా ఎందుకు ఒప్పుకోలేదో దాదాపు నలభై ఏళ్ళపాటు ఎందరికో బోధించాను. ఇన్నేళ్ళలోనూ ఒక్క యూదుడితో కలిసి టీ తాగలేదు.

ఆ టీ కూడా అనుకున్నట్టు జరగలేదు. మా క్యాంటీన్ కప్పు ఆయన ముట్టుకోలేదు. తన సంచిలోంచి కాగితం కప్పు, తన టీ పొట్లం తీసుకున్నారు. వేడినీళ్ళు మాత్రం మా దగ్గర తీసుకున్నారు.

ప్రొడక్షన్ మేనేజర్ నోయెల్ అది చూసి, "నీళ్ళన్నా మావి గ్రాండే కదా?" అన్నాడు. ఐర్లండ్‌వాళ్ళ నోట గ్రాండ్ అంటే పర్లేదని.

"నీళ్ళు దేవుడివి. కెటిల్ మీది, దాని గురించే కాస్త భయం" అన్నారు రబ్బీ.

పని ఎలా జరుగుతుందో చెప్పాలి. ముందు లైనంతా, అంటే పాల ట్యాంకు నుంచి ప్యాకింగ్ దాకా ఉన్న పైపులూ పాత్రలూ, క్షారంతో కడిగి, ఆమ్లంతో కడిగి, మంచినీళ్ళతో కడుగుతారు. అది మా రోజువారీ పనే. దాని మీద ఆయన టార్చిలైటు వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి మూలా చూశారు. ఆ తర్వాత లైను ఒక పగలూ రాత్రీ ఖాళీగా, ఎవరూ ముట్టకుండా నిలబడాలి. లోహంలో ఇంకిన పాత వంట రుచి చెడిపోవడానికి అంత విరామం కావాలని వారి శాస్త్రం. ఆ విరామం పూర్తయ్యాక రబ్బీ స్వయంగా బాయిలర్ బర్నర్ మీట నొక్కుతారు. మరుగుతున్న నీళ్ళు లైనంతా పొర్లేలా పారించాక గాని పాలు పట్టకూడదు.

విరామంలో ఎవరూ ఏమీ తెరవలేదని రుజువు కావాలి కదా. అందుకు ప్రతి మూతకీ ప్రతి వాల్వుకీ పలచని కాగితపు సీలు అంటించి, దాని మీద హీబ్రూలో సంతకం పెట్టారు. పీకితే చిరిగిపోయే సీలు అది.

ఆదివారం మధ్యాహ్నానికి సీళ్ళు వేయడం పూర్తయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయనకు పని లేదు. నాకు రెండింటికి ఆరాధన ఉందని చెప్పాను. "వెళ్ళి రండి. నాలుగింటికి కారు ఉంటే, ఇక్కడ కాసిల్‌ట్రాయ్ వైపు మావాళ్ళ చిన్న శ్మశానం ఒకటుందట, చూపించగలరా?" అని అడిగారు.

మా సహవాసం ఒక బడి హాలు అద్దెకు తీసుకుని కూడుకునేది. ఆ రోజు ప్రార్థన మనవుల సమయంలో నేను లేచి, దేవుని పూర్వ జనాంగంలోని ఒక భక్తుడు మా ప్లాంటుకు వచ్చాడనీ, వారి పసిబిడ్డల కోసం మేము చేస్తున్న పని సవ్యంగా జరగాలని ప్రార్థించమనీ కోరాను. అందరూ ఎంతో ఆసక్తిగా ప్రార్థించారు. మా డ్రయ్యర్ ఆపరేటర్ డానియేల్ కూడా అక్కడ ఉన్నాడు. తెనాలి కుర్రాడు, ముప్ఫై రెండేళ్ళు, నైట్ షిఫ్టు లీడర్. ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. బయటికొచ్చాక నా చేయి పట్టుకుని, "అంకుల్, ఆయన మన ఫ్లోర్ మీద నడుస్తున్నాడంటే నమ్మలేకపోతున్నా. మా అమ్మకి వీడియో కాల్‌లో చెప్తే ఫోనుకే దణ్ణం పెట్టింది" అన్నాడు.

నాలుగింటికి రబ్బీని శ్మశానానికి తీసుకెళ్ళాను. గట్టిగా చూస్తే చిన్న పెరడంత ఉంటుంది. కొద్దిపాటి రాళ్ళు, కత్తిరించిన గడ్డి. పెట్రోలు బంకులో పూలు కొని తీసుకెళ్ళాను. ఆయన వాటిని మర్యాదగా అందుకుని గేటు దగ్గర పెట్టించి, నేల మీంచి గులకరాళ్ళు ఏరి సమాధుల మీద ఉంచారు. వారి ఆచారం అదేనట.

నూరేళ్ళ పైచిలుకు కిందట లిమరిక్‌లో కొద్ది యూదు కుటుంబాలుండేవి. వీధుల్లో సరుకు అమ్ముకునేవారు. ఒక చర్చి ప్రసంగ పీఠం మీంచి వారికి విరుద్ధంగా మాటలు వచ్చాయి. తర్వాత ఊరు వారిని వెలివేసింది. ఎవరూ వారి దగ్గర కొనలేదు, బాకీలు తీర్చలేదు. చాలా కుటుంబాలు వెళ్ళిపోయాయి. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. పన్నెండేళ్ళు ఆ ఊళ్ళో ఉండి తెలియలేదు.

కారులో కూర్చున్నాక, చిన్నప్పటినుంచి అడగాలనుకున్న ప్రశ్న అడిగాను. మీవాడే కదా యేసు, మీరెందుకు ఒప్పుకోరు అని.

"మేం రెండువేల ఏళ్ళుగా రోజూ ఆయన్ని కాదంటూ కూర్చున్నామని మీరు అనుకుంటారు కదా?" అన్నారు. అవునన్నాను. "మా ఇంట్లో ఏడాది పొడుగునా ఆయన మాటే రాదు, శామ్యూల్. కోపంతో కాదు. మాకు ఆయన ఒక ప్రశ్న కాదు. మీ ఇల్లు ఆయన మీద కట్టారు. మేం ఆ ఇంటి ముందునుంచి నడిచి వెళ్ళేవాళ్ళం. ఒక్కోసారి తరిమితే పరుగెత్తేవాళ్ళం."

ద్వేషం ఉంటుందని నేను సిద్ధపడ్డాను. దానికి జవాబులు నా దగ్గర ఉన్నాయి. అసలు ప్రస్తావనే ఉండదని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

యెషయా ప్రవక్త చెప్పిన శ్రమపడే సేవకుడి గురించి అడిగాను. నేను ఎన్నిసార్లు బోధించానో లెక్కలేని అధ్యాయం అది. "మీరు చదివితే అక్కడ ఒక మనిషి కనబడతాడు. మేం చదివితే ఒక జనం కనబడుతుంది" అన్నారు. "మెస్సీయ వచ్చాక ఏం జరుగుతుందో కూడా ఆ ప్రవక్తే చెప్పాడు. దేశాలు యుద్ధం నేర్చుకోవడం మానేస్తాయన్నాడు. మీరు పొద్దున పేపరు చదివారా?"

ఆయన మళ్ళీ వస్తాడు, అప్పుడది నెరవేరుతుంది అన్నాను.

"మంచిది. మీరు రెండోసారి కోసం చూస్తున్నారు, మేం మొదటిసారి కోసం. వచ్చాక, ఇది ఎన్నోసారని ఆయన్నే అడిగేద్దాం." ఈ మాట వారిలో పాతదేనట, నాకు కొత్త. ఇంకో మాట అన్నారు, అది మాత్రం ఎక్కడా వినలేదు. "ఒకటి చెప్పనా, ఏమనుకోకండి. గలిలయ యూదుడు కదా ఆయన. ఇవాళ మీ ఇంటికి వస్తే మీ ఇంట భోంచేయడు. పాలు ఎవరు చూసి పితికారని అడుగుతాడు. నా డబ్బాలోది తింటాడు."

నవ్వాను. నవ్వుతూనే, మా వదినగారి చేతి కోడికూర ముందు ప్రభువు కూర్చుని ఉన్న పటమొకటి నా మనసులో ఎప్పటినుంచో ఉందని గ్రహించాను. ఆ పటంలో ఆయనకు మా ఊరి మొహమే ఉంది.

నేనూ నా సాక్ష్యం చెప్పాను. ఆయన నా కోసం చనిపోయి లేచాడన్నది నాకు వాదం కాదనీ, నా బతుకనీ చెప్పాను. రబ్బీ శ్రద్ధగా విన్నారు. "మీరు నమ్ముతున్నారని తెలుస్తూనే ఉంది" అన్నారు. ఆ తర్వాత అన్న మాట నాకు బాగా గుర్తు. "ఎవరైనా ఆ పేరు చెబితే నేను ఆ పేరు అర్థం గురించి ఆలోచించను. ఆ పేరు చెప్పి వీళ్ళు ఇప్పుడేం చేస్తారా అని చూస్తాను. అది మాకు అలవాటైపోయింది."

ఆ రాత్రి పడుకునేముందు నాకొక సంగతి తేటపడింది. ఇక ఆయనతో వాదించవలసిన పని లేదు. ఈ పాలు మచ్చ లేకుండా చేసి, పండుగకు ముందు ఆ ఇళ్ళకు చేర్చడమే నా సాక్ష్యం. అంతకంటే ఎక్కువ చెప్పనక్కర్లేదు, తక్కువ చేయడానికి వీల్లేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా రెండు ట్యాంకర్లూ వచ్చాయి. ఆదివారం సాయంత్రం పితికినవీ, ఆ ఉదయం పితికినవీ, యువకుల సీళ్ళతో. మా ప్రయోగశాల పరీక్షలు పూర్తిచేసి చల్లని ట్యాంకులోకి ఎక్కించాం. పచ్చిపాలు ట్యాంకులో ఎన్ని గంటలు ఉండవచ్చో మా ప్లాంటులో ఖచ్చితమైన హద్దు ఉంది. ఆ హద్దు నేనే రాసింది. మధ్యాహ్నం పట్టడానికి సరిపోతుంది, ఇంకో రోజు ఆగడానికి సరిపోదు.

పది గంటలకు చివరి తనిఖీకి బయల్దేరాం. రబ్బీ, నేను, నోయెల్, మెయింటెనెన్స్ ఇంజనీరు శ్రీనివాస్. డానియేల్ షిఫ్టు ఎప్పుడో అయిపోయింది. రబ్బీ బాయిలర్ వెలిగించడం చూస్తానని బతిమాలి ఆగిపోయాడు. మా వెనక నడుస్తున్నాడు.

డ్రయ్యర్ మూడో అంతస్తులో మనిషి దూరగలిగే తలుపు ఒకటి ఉంది. దాని సీలు దగ్గర రబ్బీ ఆగిపోయారు. కాగితం చిరగలేదు. ఒక అంచు మాత్రం జిగురు వదిలి పైకి లేచి ఉంది. చుట్టూ ఉక్కు మీద మెరుపు.

"గ్రీజు అయ్యుంటది సార్. హింజుకు పెట్టిందే జారుంటది" అన్నాడు శ్రీనివాస్. కరీంనగర్ మనిషి, తొందరపడడు.

"తుడిచేస్తే గ్రాండ్" అన్నాడు నోయెల్.

రబ్బీ నా వైపు చూశారు. నేను వేలు పెట్టి వాసన చూశాను. మా గ్రీజుకు ఏ వాసనా ఉండదు. ఇది ఒలీవ నూనె. ఆ వాసన నాకు ప్రతి ఆదివారం తెలిసిందే. వేలి గుర్తు నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి ఉంది.

గ్రీజు కాదని చెప్పాను. ఆ తర్వాతి మాట నోట్లోంచి రాకముందే వెనకనుంచి డానియేల్ ముందుకు వచ్చాడు.

"అది నేను పెట్టాను సర్" అన్నాడు ఇంగ్లీషులో. "ప్రార్థన నూనె. తలుపు తెరవలేదు. పైన పెట్టానంతే."

మన సంఘాల్లో ఇది ఎంత మామూలో చదువరులకు చెప్పాలి. ఇల్లు మారితే గుమ్మానికి, కారు కొంటే బానెట్‌కి, పరీక్షకు పోయే పిల్లవాడి నుదుటికి నూనె రాసి ప్రార్థిస్తాం. చాలామంది జేబులో చిన్న సీసా ఉంటుంది. ప్రేమ ఎక్కడ ఎక్కువైతే అక్కడ నూనె తీస్తాం. డానియేల్ ఆ సీలు మీది హీబ్రూ అక్షరాలు చూసి, పవిత్రమైన చోటు ఇదేననుకుని, సరిగ్గా దాని మీదే రాశాడు. నూనె కాగితం కిందికి పాకి జిగురును కరిగించింది.

రబ్బీ నెమ్మదిగా అడిగారు: "రాసేటప్పుడు ఏం చెప్పారు?"

డానియేల్ దాచలేదు. "ఇశ్రాయేలు బిడ్డలు క్షేమంగా ఉండాలని, యేసు నామంలో అడిగాను సర్."

కింద పంపు ఏదో ఆగి మళ్ళీ మొదలైంది. రబ్బీ తల ఊపి, "బిడ్డల క్షేమం కోరినందుకు ధన్యవాదాలు" అన్నారు. ఆ తర్వాత నాతో, "నేను ఫోన్ చేసుకోవాలి" అన్నారు.

ఫోను ఆయన పైఅధికారికి. అరగంట మాట్లాడారు. తిరిగొచ్చి ఫలితం చెప్పారు. ఒలీవ నూనె వల్ల పస్కాకు దోషం లేదు, కడిగితే పోతుంది. సీలు లేవడమే అసలు చిక్కు. లైను విరామం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

తలుపు తెరవలేదని డానియేల్ చెబుతున్నాడు కదా, అతను అబద్ధమాడడు, నేను పూచీ అన్నాను. తలుపుకున్న ఎలక్ట్రానిక్ స్విచ్ రికార్డు కూడా చూపించాను. తెరిచిన గుర్తు లేదు.

"నేను అతన్ని నమ్ముతున్నాను" అన్నారు రబ్బీ. "కాని నన్ను పంపింది నమ్మడానికి కాదు, శామ్యూల్. చూడడానికి. నేను చూడనిదానికి సంతకం పెడితే ఆ ఇంట్లో తల్లి నా కళ్ళతో చూసినట్టు పాలు కలుపుతుంది. నా కళ్ళు అక్కడ లేవు."

ముప్ఫై ఏళ్ళు నేను నా కిందివారికి చెప్పినదీ అదే. చూడనిదానికి సంతకం పెట్టకు.

మరుసటి రోజు దాకా ఆగితే పచ్చిపాలు హద్దు దాటిపోతాయి. కొత్తగా పితికించి తెచ్చేసరికి డ్రయ్యర్ ఖాళీగా ఉండే గడువు అయిపోతుంది. నోయెల్ రెండు గంటలపాటు ఫోన్లు చేశాడు. వెనక వరసలో ఉన్న ఖాతాదారు ఒక్క రోజు కూడా వదలలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు, ఆ పాలను మామూలు పాల ట్యాంకులోకి మళ్ళించడానికి నేను సంతకం పెట్టాను. వాల్వు తిప్పేటప్పుడు రబ్బీ పక్కనే నిలబడి చూశారు. చూడవలసిన అవసరం ఆయనకు ఇక లేదు. పాలు పారబోయలేదు, అవి మామూలు వెన్న, పాలపొడి అయ్యాయి. నష్టం కంపెనీకి పెద్దదేమీ కాదు. ఆ పండుగకు ఆ ఇళ్ళలో పసిబిడ్డలకు వేరే ఏం దొరికిందో నాకు తెలియదు. రబ్బీలు ఏదో ఒక సడలింపు ఇచ్చి ఉంటారు. ఆ తల్లులు అడగవలసి వచ్చింది మాత్రం మా వల్ల.

ప్లాంటులో జరిగిన ప్రతి తేడాకీ డీవియేషన్ రిపోర్టు రాయాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేస్తాం. అందులో ఒక గడిలో, బయటినుంచి వచ్చిన పదార్థం ఏదో రాయాలి. 'ఫారిన్ మేటర్: ఒలీవ నూనె' అని రాశాను. షిఫ్టు లీడర్ కాబట్టి ఆ కాగితం మీద డానియేల్ కూడా సంతకం చేయాలి. చదివి కలం కింద పెట్టాడు.

"అంకుల్, ప్రభువు పేరు మీద రాసిన నూనెని ఫారిన్ మేటర్ అన్నారా?"

నూనె నూనేరా అన్నాను. ఎవరు రాసినా దాని పేరు అదే.

"పేతురు ప్రభువును ఎరగనని నోటితో మూడుసార్లు అన్నాడు. మీరు ఒక్కసారే, కానీ రాతపూర్వకంగా" అని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

దెబ్బ అక్కడితో అయిపోలేదు. రెండేళ్ళ ముందు దసరాకు శ్రీనివాస్ కొత్త ప్యాకింగ్ మిషన్‌కు కుంకుమబొట్టు పెట్టబోతే నేను ఆపాను. ఉత్పత్తి జరిగే చోట పొడులు నిషేధమని నిబంధన చూపించాను. నిబంధన సరైనదే. ఆపేటప్పుడు నా మనసులో నిబంధన ఒక్కటే ఉందా అంటే చెప్పలేను. సాయంత్రం కార్ పార్కులో శ్రీనివాస్ నా పక్కన నడుస్తూ, "ఏం లేదు సార్, డౌట్ అడుగుతున్న. మా కుంకుమైతే డీవియేషన్, మీ నూనైతే ప్రేయరా?" అన్నాడు.

రెండూ డీవియేషనే అన్నాను.

"గట్లయితే ఓకే" అన్నాడు. కోపంగా కాదు. మర్నాడు మామూలుగానే పలకరించాడు.

డానియేల్‌కు రాతపూర్వకమైన హెచ్చరిక ఇచ్చి, షిఫ్టు లీడర్ హోదా తీసేశారు. ఉద్యోగం పోలేదు. పోకపోవడానికి కారణం రబ్బీ. విచారణలో ఆయన మాట కూడా అడిగారు. "అతను దొంగలా రాలేదు. నా మేలు కోరి వచ్చాడు. అలాంటివాణ్ణి శిక్షిస్తే నాకు నచ్చదు" అని చెప్పారట. డానియేల్ ఏడాది తిరక్కుండా కార్క్ వైపు, రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీకి మారిపోయాడు. మా సహవాసం కూడా విడిచిపెట్టాడు. ఎక్కడైనా కలిస్తే అంకుల్ అనే పిలుస్తాడు. ఆగి మాట్లాడడు.

సీలు లేచిన మర్నాడు, మంగళవారం ఉదయం, రబ్బీని షానన్ విమానాశ్రయానికి నేనే దించాను. ముందే వెళ్ళిపోతున్నారు, ఇంకా ఉండి చేసేదేమీ లేదు. దారిలో క్షమాపణ చెప్పాను. ఆయన ఒద్దన్నట్టు చేయి ఊపారు. కొంత దూరం పోయాక తనంతట తానే చెప్పడం మొదలుపెట్టారు.

వాళ్ళ అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధ సమయంలో బెల్జియంలో కన్యాస్త్రీల మఠంలో దాగి బతికిందట. ఆ కన్యాస్త్రీలు ప్రాణాలకు తెగించి ఆమెను కాపాడారు. ఒకనాడు, ఆత్మ కూడా రక్షింపబడాలని, ఆమెను అడగకుండానే నీళ్ళు పోసి బాప్తిస్మమిచ్చారు. ఆమెకు ఏడేళ్ళు. "మా అమ్మ చనిపోయే దాకా ఆ మఠానికి ప్రతి ఏడూ పళ్ళు పంపేది. చనిపోయే దాకా ఆ నీళ్ళ సంగతి క్షమించలేదు. మేం పిల్లలం అడిగేవాళ్ళం, వాళ్ళు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అని. వాళ్ళు నన్ను ప్రేమించారు, నేనెవరో అడగలేదు అనేది."

"మీ డానియేల్‌ని చూస్తే ఆ కన్యాస్త్రీలే గుర్తొచ్చారు. అతని మీద నాకు కోపం లేదు. అతని దీవెన మాత్రం నేను తినలేను" అన్నారు.

యేసు తన ప్రజలను ప్రేమించి యెరూషలేము కోసం ఏడ్చాడని ఆయనకు చెప్పాలని ఆదివారంనుంచి అనుకుంటున్నాను. విమానాశ్రయం బోర్డు కనిపించే దాకా ఆ మాట నా నాలుక మీదే ఉంది. చెప్పలేదు. మా చేతిలో ఆ పేరు ఏం చేస్తుందో ఆయన అప్పటికే చూశారు. దిగేటప్పుడు నా చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, "నూనె వాసన పసిగట్టి నిజం చెప్పారు. అది మర్చిపోను" అన్నారు. మళ్ళీ ఆయన రాలేదు. మరుసటి ఏడు ఆ ఆర్డరు వేరే దేశంలోని కర్మాగారానికి వెళ్ళింది.

నా విశ్వాసం ఏమీ మారలేదు. యేసు మెస్సీయ అని అప్పుడెంత నమ్మానో ఇప్పుడూ అంతే నమ్ముతున్నాను. ఇశ్రాయేలు కోసం ప్రార్థన మానలేదు. నా గదిలో చేసుకుంటాను. బైబిలు తరగతిలో యెషయా అధ్యాయం వచ్చినప్పుడు, దీన్ని యూదులు ఇలా చదువుతారని వారి మాట ముందు చెప్పి, తర్వాత మన మాట చెబుతాను. కొందరికి అది నచ్చదు.

ఉద్యోగం విషయానికొస్తే, ఈ ఘటన తర్వాత బయటి పర్యవేక్షకులు వచ్చే ప్రతి పనికీ ముందు, వారి సీళ్ళ దగ్గరకు ఎవరూ ఏ కారణంతోనూ వెళ్ళకూడదని నిబంధన చేర్చాను. అది చిన్న దిద్దుబాటు. పెద్దది వేరే. శుద్ధి అన్నది పని చేసేవాడి మనసును బట్టి ఉండదు. ఎవరి నోటికి ఆ పాలు అందాలో, శుద్ధి అంటే ఏమిటో చెప్పవలసింది వారే. మనం ముందుగా వారిని అడగాలి. అడగకుండా చేసిన మేలును మా వృత్తిలో మేలుగా లెక్కవేయరు. సరుకును తిప్పి పంపుతారు.